సైకిల్‌కు సరైన బోల్టు: కొలవడం, అడగడం, బిగించడం

నల్ల సైకిల్ వెనక చక్రం నట్టు ఎక్కడో రాలిపోయిందనుకోండి. హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి "మూడు సూతుల నట్టు" అడుగుతారు, వెంటనే తీసిస్తారు. ఆ ఇరుసు లావు కూడా నిజంగానే మూడు సూతులు, అంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు. అయినా నట్టు ఒక చుట్టు తిరిగి పట్టేస్తుంది. దుకాణంలో దొరికే మూడు సూతుల నట్టుకు అంగుళానికి 16 మరలుంటాయి, సైకిల్ ఇరుసుకు 26. పానా పెట్టి బలవంతంగా తిప్పితే ఇరుసు మీది మరలు చెక్కుకుపోతాయి. నట్టు ధర కొద్ది రూపాయలే, ఇరుసు మార్చాలంటే చక్రం విప్పి, బేరింగు కోన్లు, గుండ్లు అన్నీ బయటికి తీయాలి.

బోల్టు అంటే ఒక్క అంకె కాదు. లావు, మరల మధ్య దూరం, పొడవు, తల ఆకారం, ఉక్కు గట్టిదనం, ఈ అయిదూ చూడాలి. మొదటి రెండూ తప్పితే సైకిల్ పాడవుతుంది. మూడోది తప్పితే బోల్టు బిగిసినట్టే కనబడి వదులుగా ఉంటుంది. చివరి రెండూ తప్పితే కొన్నాళ్లకు విరుగుతుంది, లేదా మళ్లీ విప్పడానికి రాదు.

మొదట: ఇది సైకిల్‌కే ప్రత్యేకమైన బోల్టా, మామూలు బోల్టా?

ఏ దుకాణానికి వెళ్లాలో తేలేది ఇక్కడే. చాలామంది తిరిగిన చోటే తిరిగేది దీన్ని ముందు తేల్చుకోకపోవడం వల్లే.

మామూలు మెట్రిక్ కొలతలో ఉండేవి ఇవి: నీళ్ల సీసా పట్టీ, మడ్‌గార్డు కడ్డీలు, వెనక క్యారియర్ కింది బోల్టులు (ఎక్కువగా 5 మి.మీ.), సీటు గొట్టం పట్టీ (5 లేదా 6), హ్యాండిల్‌ను పట్టే స్టెమ్ ముందు మూతకుండే బోల్టులు (5, కొన్నిట్లో 6), వి-బ్రేకు చేతులను ఫోర్కుకు బిగించేవి (6), డిస్క్ బ్రేకు కాలిపర్ బోల్టులు (6), డిస్క్‌ను హబ్‌కు పట్టే ఆరు బోల్టులు (5, నక్షత్రం ఆకారపు టీ25 తల). ఇవన్నీ 5×0.8 లేదా 6×1.0. రెండో అంకె మరకూ మరకూ మధ్య దూరం, మిల్లీమీటర్లలో. వరంగల్, హన్మకొండలోనే కాదు, పరకాల, నర్సంపేట, జమ్మికుంట లాంటి ఊళ్లలోనూ మోటార్‌సైకిల్ స్పేర్స్ అమ్మేచోట 6×1.0 దొరుకుతుంది. 5×0.8 కోసం ఒకటి రెండు చోట్ల అడగాల్సి రావచ్చు.

సైకిల్‌కే ప్రత్యేకమైనవి: ఇరుసు నట్లు, పెడళ్లు, క్రాంక్ (పెడల్‌ను ఇరుసుకు కలిపే చెయ్యి) బోల్టులు, కాటర్ పిన్నులు (పాత సైకిళ్లలో క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచే మేకులు), చైన్‌రింగ్ (ముందు పెద్ద పళ్లచక్రం) బోల్టులు. వీటికి హార్డ్‌వేర్ దుకాణాల చుట్టూ తిరగొద్దు, సైకిల్ విడిభాగాల దుకాణానికే వెళ్లండి. లావు ఒకటే కావచ్చు, మర ఒకటి కాదు. క్రాంక్ బోల్టే చూడండి. చతురస్రపు కొన ఉన్న ఇరుసుకు బిగించేది ఎక్కువగా 8×1.0 ఉంటుంది. మోటార్‌సైకిళ్లలో కనబడే 8 మి.మీ. బోల్టు 8×1.25. చైన్‌రింగ్ బోల్టు కూడా 8 మి.మీ.నే, కానీ మర దూరం 0.75. మూడింటి లావూ ఒకటే, ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు.

రెండు: శుభ్రం చేసి, లావు కొలవండి

పాత బోల్టు చేతిలో ఉంటే కిరసనాయిలులో నానబెట్టి పాత టూత్ బ్రష్షుతో రుద్దండి. మరల్లో ఎర్రమట్టీ తుప్పూ ఉంటే కొలత తప్పుతుంది. తర్వాత వెర్నియర్ కాలిపర్‌తో మరలున్న చోట బయటి లావు కొలవండి. ప్లాస్టిక్ వెర్నియర్ అయినా ఈ పనికి చాలు.

కొలత ఎప్పుడూ పేరు కంటే కొంచెం తక్కువే వస్తుంది. 5 మి.మీ. బోల్టు 4.8 నుంచి 4.95 దాకా చూపిస్తుంది. 6 మి.మీ.ది 5.8 నుంచి 5.95, 8 మి.మీ.ది 7.8 నుంచి 7.97. కాబట్టి 4.85 కనబడగానే "ఇదేదో వింత సైజు" అనుకోనక్కర్లేదు.

కానీ 4.7 దగ్గర వస్తే ఆగండి. పాత ఇంగ్లిష్ కొలతల్లో సూతున్నర బోల్టు, అంటే అంగుళంలో పదహారింట మూడు వంతులు, 4.76 మి.మీ. ఉంటుంది. అరిగిన 5 మి.మీ. బోల్టు కూడా అక్కడికే రావచ్చు. ఇలాంటప్పుడు లావును బట్టి ఏమీ తేల్చకండి, మర చూశాకే తేల్చండి.

బోల్టు పోయి రంధ్రమే మిగిలితే, రంధ్రం లోపలి కొలత బోల్టు లావు కంటే తక్కువని గుర్తుంచుకోండి. 5×0.8 రంధ్రం లోపల సుమారు 4.2 మి.మీ., 6×1.0 అయితే 5.0, 8×1.25 అయితే 6.8. ఇంతకంటే సులువైన దారి ఇంకొకటుంది. సీసా పట్టీకి రెండు బోల్టులుంటాయి, క్యారియర్‌కు ఎడమా కుడీ ఒకేలాంటివి ఉంటాయి. పక్కనున్న దాన్ని విప్పి అదే నమూనాగా తీసుకెళ్లండి.

మూడు: మర దూరం. తొందర వద్దు

పిచ్ గేజ్ అనే పళ్ల రేకుల కట్ట ఉంటే పని నిమిషంలో అయిపోతుంది. లేకపోతే మూడు దారులున్నాయి.

తెలిసిన బోల్టుతో పోల్చడం మొదటిది. కొలత కచ్చితంగా తెలిసిన కొత్త బోల్టును పాతదానికి ఆనించి, మరలు ఒకదాంట్లో ఒకటి కూర్చునేలా పెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టండి. సందు లేకుండా మొత్తం పొడవునా కలిస్తే మర ఒకటే. మొదట్లో కలిసి పోనుపోనూ వెలుతురు కనబడితే వేరు.

రెండోది స్కేలు. ఒక మర శిఖరాన్ని సున్నా దగ్గర పెట్టి పది సందులు లెక్కపెట్టండి. పది సందులంటే పదకొండు శిఖరాలు. అక్కడ 8 మి.మీ. వస్తే 0.8 మర, 10 వస్తే 1.0, 12.5 వస్తే 1.25. సందులు వదిలి శిఖరాలు లెక్కపెట్టడం వల్లే ఎక్కువ తప్పులొస్తాయి.

ఇరుసుల దగ్గర ఈ పది చాలదు. నల్ల సైకిల్ ముందు ఇరుసు అంగుళంలో పదహారింట అయిదు వంతులు, అంటే రెండున్నర సూతులు, 7.94 మి.మీ. వెనకది మూడు సూతులు, 9.53 మి.మీ. రెండింటికీ అంగుళానికి 26 మరలు, అంటే మర దూరం 0.977 మి.మీ. గేర్ల సైకిళ్లకు సాధారణంగా ముందు 9×1.0, వెనక 10×1.0 ఉంటాయి. 0.977కూ 1.0కూ తేడా పది మరల్లో పావు మిల్లీమీటరే, కంటికి ఆనదు. అందుకే ఇరవై సందులు లెక్కపెట్టండి. 20 మి.మీ. వస్తే మెట్రిక్, 19.5 వస్తే ఇంగ్లిష్.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలి, ఎందుకంటే తప్పు నట్టు మొదట బాగానే ఎక్కుతుంది. 10×1.0 నట్టును మూడు సూతుల ఇరుసుకు పెడితే వదులుగా చేతితోనే పూర్తిగా తిరుగుతుంది. అరె, ఎంత సులువుగా ఎక్కిందో అనిపిస్తుంది. కానీ మరలు అంచుల మీద మాత్రమే పట్టి ఉంటాయి. పానాతో చివరి బిగింపు వేయగానే జారిపోతాయి, లేదా అప్పుడు నిలిచి తర్వాత గుంతల రోడ్డు మీద వదిలేస్తాయి. అటుదిటు చేస్తే, మూడు సూతుల నట్టు 10 మి.మీ. ఇరుసుకు మొదలే పట్టదు. ఆ తప్పు వెంటనే తెలిసిపోతుంది కాబట్టి నయం.

మూడోది నట్టు పరీక్ష. దుకాణంలో కొత్త నట్టు అడిగి పాత బోల్టుకు వేళ్లతో ఎక్కించి చూడండి. నట్టు మందం మొత్తం దాటి రావాలి. రెండు చుట్లు ఎక్కింది కదా అని ఆపేయొద్దు, తప్పు మర కూడా రెండు చుట్లు ఎక్కుతుంది. పూర్తిగా ఎక్కాక పక్కకు కదిపి చూడండి. గలగలా ఊగితే అది మీ నట్టు కాదు.

పెడళ్ల సంగతి ఒక మాటలో: పెద్దల సైకిళ్లలో విడి క్రాంకులకు అంగుళంలో పదహారింట తొమ్మిది వంతుల లావు, అంగుళానికి 20 మరలు. ఒకే కడ్డీ వంచి చేసిన పిల్లల సైకిల్ క్రాంకులకు అర అంగుళం, అవే 20 మరలు. ఎడమ పెడల్‌కు మర తిరగబడి ఉంటుంది, గడియారం ముల్లు దిశలో తిప్పితే అది వదులవుతుంది.

నాలుగు: పొడవు

పొడవును తల కింది నుంచి కొన దాకా కొలుస్తారు. తల లోపలికి కూరుకుపోయే శంఖాకారపు బోల్టుకు మాత్రం తలతో కలిపి మొత్తం పొడవు లెక్క. ఈ ఒక్క తేడా తెలియకే 12 అడిగి 15 తెచ్చుకుంటారు.

ఎంత పొడవు కావాలో పాత బోల్టును బట్టి తేల్చకండి. అది కూడా ఎవరో చేతికి దొరికింది పెట్టి ఉండొచ్చు. బిగించాల్సిన రేకు మందం, వాషర్ మందం, రంధ్రంలో మరలున్న లోతు కలపండి. రంధ్రం లోతు తెలియకపోతే చీపురు పుల్ల దించి, అంచు దగ్గర గోటితో గుర్తు పెట్టి తీసి కొలవండి. ఉక్కు రంధ్రంలో బోల్టు కనీసం తన లావంత లోతు పోవాలి, అల్యూమినియంలో ఒకటిన్నర రెట్లు. అంటే అల్యూమినియం ఫ్రేములో 5 మి.మీ. బోల్టు ఏడెనిమిది మిల్లీమీటర్లు పట్టి ఉండాలి. మూడు చుట్లతో పట్టిన బోల్టు ఆ మూడు చుట్లనూ లాక్కుని బయటికొస్తుంది.

ఎక్కువ పొడవు కూడా ప్రమాదమే. అడుగు మూసి ఉన్న రంధ్రంలో కొన అడుగును తాకుతుంది, బోల్టు బిగిసినట్టు చేతికి తెలుస్తుంది, కానీ పట్టాల్సిన భాగం వదులుగానే ఉంటుంది. వి-బ్రేకుల దగ్గర ఇలా జరిగితే బ్రేకు చెయ్యి ఊగుతుంది. సీటు గొట్టం మీది సీసా పట్టీకి పొడవు బోల్టు వేస్తే లోపల సీటు కడ్డీని గీకుతుంది, లేదా అది కిందికి దిగకుండా ఆపేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు క్యారియర్ దగ్గర. పాల క్యాన్లు, పేపరు కట్టలు, బియ్యం సంచులు మోసే సైకిళ్లకు వెనక క్యారియర్ కింది బోల్టు తరచూ పోతుంది. క్యారియర్ పట్టీ 3 మి.మీ., వాషర్ 1, ఫ్రేము చెవి 6 అనుకుందాం, మొత్తం 10. వెనక నైలాన్ నట్టు (వదులవకుండా లోపల నైలాన్ వలయం ఉండేది) కూడా వేయాలంటే దాని మందం 5, పైన రెండు మరలు బయటికి రావడానికి 1.6. మొత్తం 16.6, కాబట్టి దుకాణంలో దొరికే తర్వాతి పొడవు 20 తీసుకోవాలి. ఎడమ పక్కకు ఇదే సరి. కుడి పక్కకు కాదు. అక్కడ లోపలికి పొడుచుకొచ్చిన కొన చిన్న పళ్లచక్రం మీది చైన్‌ను తాకుతుంది. కుడికి 10 మి.మీ. బోల్టు వేసి, కొన చెవి లోపలి అంచుకు సమంగా ఆగేలా చూసి, నట్టు బదులు మరకు అంటుకునే బంక వాడండి. బిగించాక పెడల్ వెనక్కి తిప్పి, చైన్‌కూ బోల్టు కొనకూ మధ్య వెలుతురు కనబడుతోందో లేదో చూడండి.

అయిదు: తలా, ఉక్కూ

స్తంభం లాంటి తల ఉన్న ఎలెన్ బోల్టుకు (తలలో కీ పట్టే ఆరు పలకల గుంత ఉండేది) 5 మి.మీ. లావుకు 4 మి.మీ. కీ, 6కు 5, 8కి 6 సరిపోతాయి. గుండీ తలకు ఒక సైజు చిన్న కీ పడుతుంది: 5కు 3, 6కు 4. గుండీ తల చూడ్డానికి బాగుంటుంది గానీ కీ పట్టే గుంత లోతు తక్కువ, పట్టు జారి లోపల గుండ్రమైపోతుంది. గట్టి బిగింపు కావాల్సిన చోట దాన్ని వాడొద్దు. ఆరు పలకల తలకు మామూలుగా 5 బోల్టుకు 8 పానా, 6కు 10, 8కి 13. అయితే మోటార్‌సైకిల్ బోల్టుల్లో 6 మి.మీ. లావుకు 8 తల, 8 లావుకు 12 తల ఉన్నవీ వస్తాయి. పానా సైజు చూసి బోల్టు లావు తేల్చడం అందుకే నమ్మదగ్గది కాదు.

తల మీద 8.8, 10.9, 12.9 అని అచ్చు ఉంటుంది. మొదటి అంకెను వందతో గుణిస్తే తెగే బలం మెగాపాస్కళ్లలో వస్తుంది: 800, 1000, 1200. స్టెయిన్‌లెస్ బోల్టు మీద ఏ2-70 అని ఉంటే 700. మెరుస్తుంది కాబట్టి గట్టిదనుకోవడం పొరపాటు, అది 8.8 కంటే మెత్తన. సీసా పట్టీకి, మడ్‌గార్డుకు స్టెయిన్‌లెస్ చక్కగా సరిపోతుంది, మన వానాకాలం నాలుగు నెలలూ తుప్పు పట్టదు. హ్యాండిల్ స్టెమ్‌కు, బ్రేకులకు, సీటు కడ్డీ పైనున్న పట్టీకి మాత్రం కంపెనీ ఇచ్చిన గట్టిదనానికి తగ్గకుండా వేయండి. అక్కడ తల మీద ఏ అచ్చూ లేని బోల్టు వేయకండి. నల్లటి 12.9 బోల్టు బలమైనదే, కానీ పూత పల్చన, వానకు తుప్పు పడుతుంది. పైన కొంచెం గ్రీజు పూసి ఉంచాలి.

బోల్టు విరిగిందంటే మెత్తదని అర్థం కాదు. బిగింపు ఉన్నంత కాలం రెండు ముక్కలూ ఒకదాన్నొకటి నొక్కుకుని బరువు మోస్తాయి, బోల్టు వాటిని కలిపి పట్టుకుంటుంది అంతే. వదులైన మరుక్షణం ప్రతి గుంత దెబ్బా బోల్టు మీదే పడి దాన్ని అటూ ఇటూ వంచుతుంది. చివరికి మొదటి మర దగ్గర విరుగుతుంది. విరిగినచోట సగం నున్నగా, సగం గరుకుగా ఉంటే చాలా రోజుల నుంచి కొంచెం కొంచెంగా చీలుతూ వచ్చిందని గుర్తు. అక్కడ ఇంకా గట్టి బోల్టు వేసినా, వదులవడం ఆపకపోతే అదీ విరుగుతుంది.

ఆరు: దుకాణంలో ఎలా అడగాలి

"సైకిల్ బోల్టు ఇయ్యి" అంటే చేతికి అందింది ఇస్తారు. లావు, మర, పొడవు, తల, ఎన్ని, ఈ వరసలో చెప్పండి: "అన్నా, అయిదు ఎంఎం, పాయింట్ ఎనిమిది త్రెడ్, పన్నెండు పొడుగు, ఎలెన్ హెడ్డు, స్టెయిన్‌లెస్, నాలుగు ఇయ్యి. నాలుగు వాషర్లు కూడా." పాత బోల్టూ, అది ఎక్కే నట్టూ రెండూ జేబులో ఉంచుకోండి. వీలైతే సైకిల్‌నే తీసుకెళ్లండి. ఇరుసు నట్టు, కాటర్ పిన్ను లాంటివి అక్కడే ఎక్కించి చూసుకోవడమే మేలు. కాటర్ పిన్నులు ఎక్కువగా 9, 9.5 మి.మీ. లావుల్లో వస్తాయి. చిన్నది వేస్తే క్రాంకు టకటకమంటుంది. పిన్నును నట్టుతో లాగి బిగించకూడదు, సుత్తితో లోపలికి కొట్టాకే నట్టు వేయాలి. లేకపోతే పిన్ను మరలు తెగుతాయి.

ఒకటి అవసరమైతే రెండు కొనండి. సన్న బోల్టులు చేయిజారి మట్టిలో పడితే దొరకవు.

ఏడు: ఎక్కించడం

రంధ్రంలో రంగు, తుప్పు ఉంటే ముందు అదే సైజు ట్యాప్‌తో (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) మరలు శుభ్రం చేయాలి. కొత్త సైకిళ్లలో ఫ్రేము చెవుల్లో రంగు గడ్డకట్టి ఉండటం మామూలే. ట్యాప్ లేకపోతే లేత్ షాపులో కొద్దిసేపటి పని.

బోల్టును నిటారుగా పెట్టి, మొదట వెనక్కి, వదులయ్యే దిశలో మెల్లగా తిప్పండి. మర అంచు దాటగానే చిన్నగా టిక్‌మని కిందికి దిగినట్టు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పండి. కనీసం మూడు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే ఆగి, తీసి, చూడండి. అల్యూమినియం ఫ్రేముల్లో మరలు పోయేది ఎక్కువగా ఈ మొదటి మూడు చుట్లలో పానా పెట్టడం వల్లే.

స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియంలోకి పోతుంటే గ్రీజు తప్పనిసరి. రెండు లోహాలూ తడిలో కలిసుంటే అల్యూమినియం తినుకుపోయి తెల్లపొడి కట్టి, బోల్టు అక్కడే ఇరుక్కుంటుంది. బ్రేకు డిస్క్ బోల్టులకు గ్రీజు వద్దు, నీలం రంగు మర బంక ఒక చుక్క చాలు. నైలాన్ నట్టును పదేపదే వాడకండి. వేళ్లతోనే పూర్తిగా తిరుగుతుందంటే దాని పట్టు పోయిందని అర్థం.

బిగింపు కొలిచే పానా లేకపోతే సామాన్లు తూచే స్ప్రింగు త్రాసు వాడొచ్చు. బోల్టు మధ్య నుంచి కీ మీద 10 సెం.మీ. దూరంలో త్రాసు కొక్కెం తగిలించి, కీకి లంబకోణంలో 5 కిలోలు చూపేదాకా లాగితే సుమారు 5 న్యూటన్ మీటర్లు (బిగింపును కొలిచే లెక్క). స్టెమ్ ముందు మూత బోల్టులకు సాధారణంగా ఇదే. దాని మీద అంకె అచ్చు ఉంటే అదే పాటించండి. బ్రేకు కాలిపర్ బోల్టులకు 6 నుంచి 8, సీసా పట్టీకి 2 నుంచి 3. చతురస్రపు కొన క్రాంకు బోల్టుకు 35 నుంచి 50 కావాలి. అంటే 20 సెం.మీ. పొడవు పిడి కొసన ఇరవై కిలోల లాగుడు. వదులు క్రాంకుతో కొన్ని కిలోమీటర్లు తొక్కినా అల్యూమినియం రంధ్రం గుండ్రమైపోతుంది, తర్వాత ఎంత బిగించినా నిలవదు.

నాలుగు బోల్టుల మూతను ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. పైన, కింద సందు సమానంగా ఉండాలి. ఫోర్కు గొట్టాన్ని పక్క బోల్టులతో పట్టే స్టెమ్‌లో నెత్తి మీది ఒంటరి బోల్టు స్టెమ్‌ను పట్టుకునేది కాదు, బేరింగుల ఊపు తీసేదే. దాన్ని గట్టిగా బిగిస్తే హ్యాండిల్ బరువుగా తిరుగుతుంది.

మర పోతే

5 మి.మీ. రంధ్రం మరలు పోతే, చుట్టూ లోహం మందంగా ఉన్నచోట 5.0 డ్రిల్లుతో పెద్దది చేసి 6×1.0 ట్యాప్ వేయించొచ్చు. సన్న చెవులకు ఇలా చేయొద్దు, వెనక నట్టు పట్టేచోట పొడవు బోల్టూ నైలాన్ నట్టూ వేయడం మంచిది. బోల్టు విరిగి లోపలే ఉంటే రాత్రంతా తుప్పు వదిలించే నూనెలో నానబెట్టి, ఉదయం కొన మీద తేలికగా నాలుగు దెబ్బలు వేసి, మిగిలిన మొలకను పట్టకారుతో తిప్పి చూడండి. అసలు మొలకే లేకపోతే లేత్ షాపుకే ఇవ్వండి. ఇంట్లో డ్రిల్లు పక్కకు జారితే ఫ్రేము చెవి పోతుంది.

కొత్త బోల్టు తల మీద నుంచి పక్క లోహం మీదికి గోళ్ల రంగుతో సన్న గీత ఒకటి గీయండి. మొదటి 50 కిలోమీటర్ల తర్వాత చూడండి, ఆ పైన నెలకోసారి చూడండి. బరువులు మోసే సైకిలైతే వారానికోసారి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే బోల్టు తిరిగిందని అర్థం. విప్పి, మరలు తుడిచి, మళ్లీ అదే బిగింపుకు తేవాలి.